జూన్ ఏడున వంజరం ఎక్కడిది?

హైదరాబాద్‌లో ఒక చేపల వేపుడు కౌంటర్ ఎలాంటిదో తేల్చుకోవడానికి నా దగ్గర చిన్న పరీక్ష ఉంది. జూన్ మొదటి రెండు వారాల్లో ఎప్పుడో ఒక సాయంత్రం వెళ్లి "వంజరం ఉందా?" అని అడగాలి. "ఉంది, ఎన్ని ముక్కలు?" అని టక్కున జవాబొస్తే, "ఎక్కడ్నుంచి తెప్పిస్తారు?" అని రెండో ప్రశ్న వెయ్యాలి. "ఫ్రీజర్‌ది సార్, ఏప్రిల్‌లోనే తెచ్చి పెట్టుకున్నాం" అంటే నిస్సంకోచంగా తినొచ్చు. "లేదు, బోట్లు బంద్" అంటే ఇంకా మంచిది, అక్కడే ఉండి వేరే ఏదైనా తినాలి. "వైజాగ్ నుంచి పొద్దున్నే దిగింది సార్, ఫుల్ ఫ్రెష్" అంటే మాత్రం మర్యాదగా తప్పుకుని, దగ్గర్లో ఇరానీ హోటల్ ఉంటే ఒక చాయ్ తాగి ఇంటికెళ్లిపోవడం ఉత్తమం.

నేను చెప్పేది మెత్తటి కుర్చీలు, నీలం లైట్లు, అద్దాల తొట్టిలో తిరిగే రంగు చేపలు ఉండే రెస్టారెంట్ల గురించి కాదు. రామ్‌నగర్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వైపు రోడ్డు పక్కన ఒకే షట్టర్‌లో నడిచే కౌంటర్ల గురించి. ముందు ఒక అద్దాల పెట్టె, అందులో స్టీలు ట్రేలు, ట్రేల నిండా ఎర్రటి మసాలా పట్టించిన ముక్కలు. పక్కన పెద్ద ఇనప పెనం. డబ్బులు ముందే కట్టి టోకెన్ తీసుకోవాలి. నంబరు పిలిచాక పేపర్ ప్లేటు అందుకుని, ఉల్లిపాయ ముక్కలూ నిమ్మచెక్కా మనమే వేసుకుని, ఎత్తు బల్ల దగ్గర నిలబడి తినాలి. చెయ్యి కడుక్కోవడానికి మూలన ఒక కుళాయి ఉంటుంది. దాని పక్కన సబ్బు ఉండాలి, చాలాచోట్ల సబ్బు కవరు మాత్రమే ఉంటుంది.

నాకు చేప తినడానికి ఇంతకన్నా మంచి చోటు తెలీదు. కూర్చునే హోటల్లో మనకీ వంటింటికీ మధ్య ఒక తలుపు ఉంటుంది. ఆ తలుపు వెనక ఏం జరిగిందో మెనూ కార్డు చెప్పదు. కౌంటర్ దగ్గర ఆ తలుపు లేదు. ముక్క ట్రేలోంచి పెనం మీదికి వెళ్లడం, నూనె రంగు, వేయించే మనిషి చెయ్యి, అన్నీ కళ్లముందే జరుగుతాయి. మంచి మనిషి చేతిలో పడితే ఆ చూడ్డం కూడా ఒక భోజనమే. ముక్కని పెనం మీద పెట్టాక ఒకసారి అట్లకాడతో నొక్కుతాడు, తర్వాత ముట్టుకోడు. ముక్క అంచు చుట్టూ తెల్లటి గీత పైకి పాకుతూ వస్తుంది. అది సగం మందం దాకా వచ్చేవరకు ఆగుతాడు. అప్పుడు ఒక్కసారే తిరగేస్తాడు. పెనానికి అంటుకోకుండా ముక్క తనంతట తానే లేచి వస్తుంది. చివర్లో కరివేపాకు వేస్తే అది చిటపటమని ఎగిరి పక్కవాడి చొక్కా మీద పడుతుంది. తొందరపడి మూడుసార్లు తిరగేసేవాడి దగ్గర ముక్క విరుగుతుంది, మసాలా అంతా పెనానికే మిగులుతుంది. ఇవన్నీ చూసి తినే చోట అబద్ధం తక్కువ ఉండాలి. అందుకే ఈ కౌంటర్ల మీద నాకు నమ్మకమూ ఎక్కువే, ఫిర్యాదూ ఎక్కువే.

ఫిర్యాదు ఏమిటంటే, చాలా కౌంటర్లు "లేదు" అనే మాట మర్చిపోయాయి. బోర్డు మీద జనవరిలో ఏముందో జూన్‌లోనూ అదే ఉంటుంది. వంజరం, చందువ, రొయ్యలు, పీతలు, అపోలో ఫిష్. సముద్రానికి మాత్రం ఏడాదంతా ఒకే బోర్డు ఉండదు.

తేదీలు చెప్తాను. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, మరబోట్లు, మోటారు పడవలు చేపల వేటకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నిషేధం. ఒకప్పుడు ఇది నెలన్నరే, 2015 నుంచి 61 రోజులు చేశారు. మోటారు లేని సంప్రదాయ పడవలకి మినహాయింపు ఉంది, కానీ వాటికి దొరికేది ఒడ్డున ఉన్న ఊళ్లకే సరిపోదు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. అంటే మే నెలలో హైదరాబాద్‌లో వంజరం కనబడితే అది అబద్ధమే అనలేం. మంగుళూరు నుంచో, గుజరాత్ నుంచో వచ్చి ఉండొచ్చు. కానీ ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. జూన్ 1 నుంచి 14 దాకా దేశానికి రెండువైపులా బోట్లు ఒడ్డునే ఉంటాయి.

సరిగ్గా ఆ రెండు వారాల నడుమే, జూన్ 7నో 8నో, మృగశిర కార్తె వస్తుంది. హైదరాబాద్ మొత్తం ఆ రోజు చేప తినాలి. మృగశిర నాడు చేప తింటే వానాకాలపు జబ్బులు దరిచేరవని నమ్మకం. రామ్‌నగర్ చేపల మార్కెట్లో తెల్లవారుజాము నుంచే కాలు పెట్టే చోటుండదు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం వాళ్లు ఉబ్బసానికి చేప ప్రసాదం వేసేదీ అప్పుడే. దాంతో ఉబ్బసం తగ్గుతుందా అనేది వేరే వాదన, నాకు నమ్మకం లేదు. నేను చెప్పొచ్చేది ఏమిటంటే, నగరం ఎక్కువ చేపలు తినే రోజు, సముద్రం మనకి ఏమీ ఇవ్వని రోజు ఒకటే. మృగశిర పుట్టినప్పుడు ఎవరూ వంజరం గురించి ఆలోచించి ఉండరు. అది చెరువు చేపల పండుగ. మార్కెట్లో ఆ రోజు కుప్పలుగా పడేదీ బొచ్చె, రవ్వ, కొర్రమీనే. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల నుంచి లారీల్లో వచ్చేవి కొన్ని, తెలంగాణ చెరువుల్లో పట్టేవి కొన్ని. మరి అదే రోజు సాయంత్రం కౌంటర్ అద్దం వెనక తాజా వంజరం ఎక్కడిది?

నేను తరచూ వెళ్లే ఒక కౌంటర్ ఉంది. పేరు చెప్పను, ఇప్పటికే అక్కడ టోకెన్ కోసం చాలాసేపు నిలబడాల్సి వస్తోంది. నడిపే ఆయనది కాకినాడ వైపు. ఒక జూన్ సాయంత్రం నా ముందున్న కుర్రాడు రెండు ప్లేట్లు వంజరం అడిగాడు.

"లేదండీ. బోట్లెక్కడ ఎళ్తన్నాయండీ ఇప్పుడు? కొర్రమీనుంది, వెయ్యమంటారా?"

"బోర్డు మీద రాసుంది కదా అన్నా?"

"బోర్డు జనవరిలో రాయించామండీ."

కుర్రాడు నవ్వలేదు. ఫోన్ తీసి, పక్క సందులో ఇంకో చోటు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆయన అట్లకాడతో పెనం గీకుతూ "ఎళ్లనివ్వండి, అక్కడ దొరుకుద్ది" అన్నాడు. దొరికే ఉంటుంది. మన సమస్యంతా అక్కడే ఉంది. నిజం చెప్పిన కౌంటర్ రెండు ప్లేట్ల బేరం పోగొట్టుకుంది. ఏం చెప్పకుండా ముక్క వేయించినవాడు సంపాదించుకున్నాడు. కౌంటర్లు అబద్ధాలు చెప్తున్నాయని మనం గొణుక్కుంటాం గానీ, ఆ అబద్ధానికి టోకెన్ డబ్బులు ముందే కట్టేది మనమే.

ఇక్కడ ఫ్రీజర్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఫ్రీజర్ చేప చెడ్డదని నేననను. సరిగ్గా గడ్డకట్టించి, మైనస్ 18 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచి, ఒక్కసారే కరిగించి వండితే అది చాలా మంచి చేప. పైగా మనం తాజా అనుకునే చేప కథేమిటి? మరబోటు ఒకసారి వెళ్తే వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సముద్రంలోనే ఉంటుంది. మొదటి రోజు వలలో పడ్డ చేప చివరి రోజు దాకా బోటు అడుగున ఐసులో ఉంటుంది. ఒడ్డుకొచ్చాక వేలం, తర్వాత థర్మాకోల్ డబ్బా, దాని మీద మళ్లీ ఐసు, రాత్రంతా ప్రయాణం. విశాఖ నుంచి హైదరాబాద్ ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. దారిలో డబ్బా కింద నీళ్లు కారిపోతుంటాయి, ఆ నీళ్లతో పాటే ఐసూ పోతుంది. మే నెల ఎండలో తెల్లారేసరికి డబ్బాలో ఐసు ఎంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న. అలాంటి చేప కన్నా నిజాయితీగా గడ్డకట్టించిన చేపే నయం. కాబట్టి నా తగువు చల్లదనంతో కాదు, దాచిపెట్టడంతో.

దాచిపెట్టడానికి మసాలాని మించింది లేదు. పచ్చి చేప కొనేటప్పుడు చూసే గుర్తులు అందరికీ తెలుసు. కళ్లు ఉబ్బి మెరుస్తున్నాయా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా, వేలితో నొక్కితే గుంట పడకుండా కండ వెనక్కి లేస్తుందా. కౌంటర్ ట్రేలో ఉన్న ముక్కకి తల లేదు, కన్ను లేదు, మొప్ప లేదు. మీద వేలి మందాన ఎర్రటి ముద్ద. కారం, అల్లం వెల్లుల్లి, కార్న్‌ఫ్లోర్, మీదనుంచి ఎరుపు రంగు. లోపలున్నది నిన్నటిదో, మొన్నటిదో, అసలు ఏ చేపో తెలియనివ్వదు ఆ ముద్ద. మా కాకినాడ ఆయన దగ్గర ముక్కలకి ఉప్పు, పసుపు, కొంచెం కారం, నిమ్మరసం మాత్రమే ఉంటాయి, తెల్లటి కండ కనబడుతూనే ఉంటుంది. పక్కనే కోయని చేప ఒకటి తలతో సహా ఐసు మీద పెట్టి ఉంచుతాడు. దాన్ని చూసే కొనుక్కోమని ఉద్దేశం. నేను కౌంటర్ ఎంచుకునేటప్పుడు రుచి కన్నా ముందు చూసేది ఇదే. మసాలా ఎంత పల్చగా ఉంటే నమ్మకం అంత.

వేయించేస్తే క్రిములన్నీ చచ్చిపోతాయి కదా, ఏముందిలే అనేవాళ్లుంటారు. వంజరం, కానాగంతలు, తూర చేప, ఈ మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. ఐసు లేకుండా కాసేపు వదిలేస్తే వీటి కండలో బాక్టీరియా హిస్టమిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. అది ఒకసారి తయారయ్యాక వేయించినా పోదు, ఉడికించినా పోదు, తర్వాత ఫ్రీజర్లో పెట్టినా పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి మంటపుడుతుంది, ఒళ్లంతా దురద, తలనొప్పి, కొందరికి గుండెదడ. చేపలంటే నిజంగా ఎలర్జీ ఉన్నవాళ్లు ఉంటారు, కాదనను. కానీ ఒకసారి ఇలా జరిగాక "నాకు సముద్రపు చేప పడదు" అని జీవితాంతానికి తీర్మానించుకున్నవాళ్లలో కొందరికి పడనిది ఆ రోజు ఐసు చాలని చేపే అయ్యుంటుంది. వాళ్లకి పాపం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంకో దాపరికం అపోలో ఫిష్. ఇది హైదరాబాద్ సొంత సరుకు, బార్లలో మొదలై ఇప్పుడు ప్రతి కౌంటర్‌కీ వచ్చింది. పెరుగు, పచ్చిమిర్చి, కరివేపాకు పోపులో దొర్లించిన ముల్లు లేని ముక్కలు. బాగుంటుంది, నేనూ తింటాను. కానీ అది ఏ చేప? అడిగితే చాలాచోట్ల "బోన్‌లెస్" అంటారు. చేప పేరడిగితే ఎముక సంగతి చెప్తారన్నమాట. ఇప్పుడు ఎక్కువచోట్ల అది బాసా. వియత్నాంలో లక్షల టన్నుల్లో పెంచే చెరువు చేప. మన దేశంలోకి 1990ల నడుమ బంగ్లాదేశ్ మీదుగా వచ్చింది. ఆంధ్ర చెరువుల్లోనూ విపరీతంగా పెంచారు, రైతులు పంగస్ అనీ, నోరు తిరక్క ఫంగస్ అనీ అంటారు. చవక, ముల్లుండదు, నీచు వాసన తక్కువ, తనకంటూ పెద్ద రుచీ లేదు, అందుకే ఏ మసాలా వేస్తే ఆ రుచి పట్టేస్తుంది. తక్కువ డబ్బుకి దొరికే ప్రోటీన్‌గా దానిలో నాకేం తప్పు కనబడదు. "అపోలో, బాసాతో" అని రాసి, ఆ ధరకే అమ్మితే అభ్యంతరం ఏముంది? కొర్రమీను ధర వేసి బాసా పెట్టడం మాత్రం మోసం. ముల్లు లేని చేపే కావాలని మనం పట్టుబట్టినంతకాలం ఈ మోసం సాగుతూనే ఉంటుంది. ముల్లుంటే ఏ చేపో తెలిసిపోతుంది.

ఇప్పుడు నా అసలు వాదనకి వస్తాను. నిషేధం రోజుల్లో కౌంటర్లు మూసుకోమని కాదు నేనడిగేది. ఆ రోజుల్లో ఏం తినాలో మన తీరం ఎప్పుడో తేల్చిపెట్టింది. దాన్ని కౌంటర్ మీదికి తెమ్మంటున్నాను.

వేసవిలో వేట ఉండదని తీరంలో అందరికీ తెలుసు కాబట్టి, శీతాకాలం నుంచీ దొరికినప్పుడే మెత్తళ్లు, రొయ్యలు, సావిడాయిలు ఎండబెట్టి డబ్బాల్లో దాస్తారు. సరిగ్గా చేప రావడం ఆగిపోయే సమయానికి చింతచిగురు వస్తుంది, పుల్ల మామిడి వస్తుంది. మా పెద్దమ్మ మే నెలలో చేసే చింతచిగురు ఎండు రొయ్యల కూర తిన్నవాడు వంజరం లేదని ఏడవడు. రొయ్యల తలలు, తోకలు తుంచేసి, మూకుట్లో నూనె లేకుండా దోరగా వేయిస్తుంది. ఇసుక పోయేదాకా మూడు నాలుగు నీళ్లలో కడుగుతుంది. చిగురుని అరచేతుల మధ్య నలిపి ఈనెలు ఏరేస్తుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక రొయ్యలు వేసి, అవి కాస్త నీళ్లు పీల్చుకుని ఉబ్బాక చిగురు వేస్తుంది. చిగురు వేశాక మూత పెట్టదు, ఎందుకంటే చెప్పదు, "పెట్టకూడదు అంతే". ఇక మామిడికాయతో ఎండు మెత్తళ్లు, పప్పుచారులోకి వేయించిన ఉప్పు చేప, ఇవి ఉండనే ఉన్నాయి. తెలంగాణ ఇళ్లలో కూడా చింతచిగురులో ఎండు రొయ్యలు కొత్తేం కాదు. అంటే హైదరాబాద్‌లో సగం మందికి ఈ వంటలు నేర్పక్కర్లేదు, గుర్తుచేస్తే చాలు.

అయితే కౌంటర్లో ఎందుకు, ఇంట్లోనే చేసుకోవచ్చు కదా అంటారా? ప్రయత్నించి చూడండి. అపార్ట్‌మెంట్‌లో ఎండు చేప వేయిస్తే పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. "ఏదో కాలుతున్న వాసన, అందరూ చెక్ చేసుకోండి" అని మర్యాదగా మొదలవుతుంది. ఇల్లు అద్దెదైతే ఓనర్ ఫోన్ కూడా వస్తుంది. అద్దెకిచ్చేటప్పుడే "నాన్‌వెజ్ వండుతారా?" అని అడిగే నగరం ఇది. ఎండు చేప తినాలని మనసు పీకుతున్నా వండుకునే ధైర్యం లేక, ఊరెళ్లినప్పుడు చూసుకుందాంలే అని వాయిదా వేసేవాళ్లు ఈ ఊళ్లో కోకొల్లలు. అలాంటివాళ్లకి రోడ్డు వైపు తెరిచి ఉన్న పెనం కన్నా మంచి చోటేముంది? ఇంట్లో వండుకోలేనిదాన్ని వండిపెట్టడమే కదా కౌంటర్ పని. వంజరం వేపుడు ఇంట్లోనూ చేసుకోవచ్చు. ఉప్పు చేప వేపుడు, పప్పుచారు, అన్నం కలిపి ఒక ప్లేటు పెడితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా లైను తగ్గదని నా నమ్మకం. మా కాకినాడ ఆయనకి ఈ సలహా ఇచ్చాను. "పక్కన బట్టల షాపాయన ఊరుకోడండీ" అన్నాడు. సరే, అది నిజమే.

ఎండు చేప కుదరకపోతే కొర్రమీను ఉంది. తెలంగాణలో చాలామంది కొర్రమట్ట అంటారు. 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించారు కూడా. ఈ చేప మొప్పలతోనే కాక నీటి పైకి వచ్చి గాలి కూడా పీల్చుకుంటుంది. అందుకే ఒక తొట్టిలో కాసిని నీళ్లుంటే చాలు, గంటల తరబడి బతికే ఉంటుంది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊళ్లో, కళ్లముందు ప్రాణంతో కదులుతూ, మనం చూపించాక కోసి వేయించగలిగిన చేప ఇది. తాజాదనం గురించి అంత పట్టింపు ఉన్నవాళ్లు వంజరం వెంట ఎందుకు పడతారో నాకు అర్థం కాదు. ధర ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఇందులో ఐసు కథలు లేవు.

రొయ్యల సంగతి ఇంకా విచిత్రం. దేశంలో పెంచే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రవే. 1990ల్లో తెల్లమచ్చ రోగం టైగర్ రొయ్యని దెబ్బకొట్టాక, 2009లో వనామీ అనే ఇంకో రకం రొయ్యకి అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ నిండాయి. చెరువు రొయ్య కాబట్టి వేట నిషేధంతో దానికి సంబంధం లేదు. కానీ పెద్ద సైజువి ముందు కంటైనర్ ఎక్కి అమెరికా వెళ్తాయి. 2025 ఆగస్టులో అక్కడ సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు భీమవరం వైపు రైతులు గగ్గోలు పెట్టారు, మనవాళ్లే ఎక్కువ తింటే ఈ బాధ ఉండదు కదా అని అందరూ అన్నారు. సరే తిందాం. కానీ కౌంటర్లో దొరికేది ఏమిటి? వేలి గోరంత రొయ్య, పొట్టు తీసి, తల తీసి, పిండిలో ముంచి బజ్జీ వేసినది. రొయ్య రుచంతా తలలో ఉంటుంది. మంచి సైజు రొయ్యల్ని తలతో, పొట్టుతో పెనం మీద వేసి ఉప్పూ కారం చల్లి ఇవ్వండి, ఒలుచుకు తినడం మా పని.

దీనికి కౌంటర్ల వాళ్ల జవాబు నాకు తెలుసు, అది కొట్టిపారేసేది కాదు. అద్దె 61 రోజులు ఆగదు. వేయించే కుర్రాళ్లకి జీతం ఇవ్వాలి, లేకపోతే వాళ్లు జూన్‌లో ఊరెళ్లి ఆగస్టు దాకా రారు. డెలివరీ యాప్‌లో వంజరం లేదని నొక్కితే, అది చూసి వచ్చినవాడు ఒక్క స్టార్ ఇచ్చిపోతాడు. అన్నీ నిజమే. కానీ సముద్రం మీద బతికే మనిషి కూడా ఆ 61 రోజులు ఊరికే కూర్చుంటున్నాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేట నిషేధ భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకి పెంచింది. రెండు నెలలకి ఒక కుటుంబానికి అది. చేపలు పెరగడం కోసం ఆ ఇల్లు అంత ఓర్చుకుంటుంటే, ఈ చివర కౌంటర్‌కి వచ్చిన కష్టం బోర్డు మీద ఒక గీత కొట్టడమే. ఆ గీతని ఓర్చుకోవాల్సింది ఓనర్ కన్నా మనం.

మనకి ఓర్పు లేదని కూడా అనలేను. పులస విషయంలో మనంత ఓపిక ఎవరికుంది? గోదావరికి ఎర్రనీళ్లు వచ్చాకే, సముద్రంలోంచి చేప ఎదురీదుకుంటూ నదిలోకి వచ్చాకే తినాలని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. పుస్తెలమ్మైనా పులస తినాలి అంటారు గానీ మార్చిలో తినాలని ఎవరూ అనరు. మార్చిలో పులస అమ్ముతున్నానంటే నవ్వి పంపిస్తారు. డిసెంబరులో బంగినపల్లి అడిగితే పండ్ల కొట్టువాడు మన మొహం చూస్తాడు కదా, వంజరానికీ ఆ గౌరవమే ఇవ్వమంటున్నాను. చందువకీ అంతే. అరచేతిలో ఇమిడిపోయే చందువని చేపకి చేప వేయించి "బేబీ పాంఫ్రెట్" అని అమ్ముతున్నారు. అది గుడ్లు పెట్టే వయసుకి రాని పిల్ల చేప. ముద్దుపేరు పెట్టినంత మాత్రాన అది తినాల్సిన సైజుకి పెరగదు. అలాంటిది ట్రేలో కనబడితే నేను అడగను, కొనను.

ఇక జూన్ 15 గురించి. 14 అర్ధరాత్రి దాటాక బోట్లు కదులుతాయి. చిన్న మోటారు పడవలు మర్నాడే ఎంతో కొంత తెస్తాయి, వాటి కోసం విశాఖలోనూ కాకినాడలోనూ మనుషులు ఒడ్డునే కాచుకుని ఉంటారు. పెద్ద బోట్లు తిరిగి రావడానికి చాలా రోజులు పడుతుంది. ఆ సరుకు వేలమై, డబ్బాల్లోకెక్కి ఇక్కడ దిగేసరికి నెలాఖరు దగ్గరపడుతుంది. అందుకే 15 మధ్యాహ్నానికే "ఫ్రెష్ వంజరం వచ్చేసింది" అని బోర్డు పెట్టినచోట నేను టోకెన్ తీసుకోను. మా కాకినాడ ఆయన్ని అడిగితే "ఇంకో వారం ఆగండి, మావాళ్లు ఫోన్ చేస్తారు" అంటాడు. ఈలోపు కొర్రమీను రెండు ముక్కలు, మసాలా తక్కువ, నిమ్మకాయ ఎక్కువ.